ఆగిన బంతి ఎవరిది?

1863వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీ సాయంకాలమున, లండను నగరమందలి గ్రేట్ క్వీన్ వీథిలో ఫ్రీమేసన్స్ టావెర్న్ అను పానశాలయందు, ఆ నగరమునకును దాని పరిసరములకును చెందిన ఫుట్‌బాల్ క్లబ్బుల ప్రతినిధులు కొందఱు సమావేశమైరి. ఎవరు చదువుకొన్న పాఠశాల పద్ధతిని వారు పట్టుకొని వ్రేలాడుచున్నంత కాలము ఒకరితో నొకరు కలహము లేక ఆడుకొనుట పొసగదని గ్రహించినవారై, అందఱకును సమ్మతమగు నిబంధనావళి నొకదానిని కూర్చుకొనుటకై వారు ఫుట్‌బాల్ అసోసియేషన్ అను సంఘమును నెలకొల్పిరి. బార్న్స్ క్లబ్బు నాయకుడును, వృత్తిచేత న్యాయవాదియు నగు ఎబెనీజర్ కాబ్ మోర్లీ ఆ సంఘమునకు కార్యదర్శియై ముసాయిదా వ్రాసెను. డిసెంబరు 8వ తేదీ నాటికి పదుమూడు నిబంధనలు స్థిరపడినవి. ఎదిరి ముంగాలిపై తన్నుట ధర్మమా కాదా యను తగవు ఆ నెలన్నరలో సభను రెండుగా చీల్చెననియు, తన్ను లేని ఆట ఆటయే కాదని వాదించిన బ్లాక్‌హీత్ క్లబ్బువారు లేచిపోయిరనియు, రగ్బీ క్రీడ వేఱుపడుటకు అదియే బీజమయ్యెననియు చరిత్రకారులు విస్తరించి వ్రాసియున్నారు. వినుటకు రుచిగానుండు తగవే. కాని ఆ పదుమూడు నిబంధనలను ముందు పెట్టుకొని నిదానముగా చదువువారికి వేఱొక సంగతి తట్టక మానదు. వానిలో ఇంచుమించు సగము ఆగిపోయిన బంతిని గుఱించియే మాటాడుచున్నవి. ఆగిన బంతి ఎవరిది? దానిని తిరిగి ఎవరు, ఎచ్చటనుండి, ఏ రీతిగా నడిపింపవలెను? గోలు అయినదని దేనినిబట్టి నిశ్చయింపవలెను?

నాటి సమాధానములు నేటి ప్రేక్షకునికి విడ్డూరముగా తోచును. మైదానము నిడివి 200 గజములును, వెడల్పు 100 గజములును మించరాదు. గోలు అనగా 8 గజముల యెడముతో పాతిన రెండు నిలువు స్తంభములు. వానిపై అడ్డముగా కొయ్యగాని పట్టీగాని లేదు. టాస్ ఓడినవారు మైదానము నడుమనుండి బంతిని తన్ని ఆట నారంభింపవలెను. బంతి కదలువరకు ఎదిరి పక్షమువారు 10 గజముల దూరమున నిలువవలెను. ఆ 10 గజములే నేడు మధ్యవృత్తమునకు వ్యాసార్ధమై నిలిచియున్నవి. ప్రక్కగీతను బంతి దాటినచో, దానిని మొట్టమొదట తాకినవాడెవడో వానిదే హక్కు. అది దాటిన తావునుండి గీతకు సమకోణముగా వాడు లోనికి విసరవలెను, అది నేలను తాకిన పిమ్మటనే ఆట తిరిగి నడచినట్లు. దానిని వెలికి తన్నినదెవరను విచారణ లేనేలేదు. గోలుగీత వెనుకకు బంతి పోయినప్పటి ధర్మము మఱింత చిత్రము. ఆ గోలును కాపాడుకొను పక్షమువాడు మొదట తాకినచో వారికి గోలుగీతమీదనుండి ఒక ఫ్రీ కిక్. దాడిచేయు పక్షమువాడు మొదట తాకినచో, వాడు తాకిన తావునకు ఎదురుగా, గీతకు 15 గజముల ఇవతలనుండి గోలుమీదికి ఒక తన్ను తన్నుటకు వారికి హక్కు. ఆ తన్ను ముగియువరకు రక్షకులందఱును తమ గీత వెనుకనే నిలిచియుండవలెను. రగ్బీలో ట్రై సాధించిన పిమ్మట కొట్టెడి కన్వర్షన్ కిక్‌ను చూచినవారికి ఈ రెంటి చుట్టఱికము వెంటనే తెలియును.

అనగా ఆ శాసనకర్తల దృష్టిలో గీత దాటిన బంతి ఏ పక్షమునకును చెందదు; వేగముగా పరుగెత్తగలవాడు దానికి యజమాని. ఆట ఆగినను పందెము ఆగలేదు. దీనిని మోటు పద్ధతియని కొట్టివేయుట న్యాయము గాదని నా యభిప్రాయము. బంతిని వెలికి పంపుట యొక లోపమనియు, ఆ లోపమునకు పరిహారము ఎదిరికి చెల్లవలెననియు ఎవరికిని తోచని కాలమున, ముందు చేరినవానికే దక్కుననుట కంటె సులభమైన ధర్మము వేఱెయ్యది? ఇంగ్లండులోని పెద్ద పాఠశాలల విశాలమైన బయళ్లలో ఆ ఆట పెరిగిన రోజులలో మైదానమున తీర్పరి లేడు. తగవు వచ్చినచో ఇరుపక్షముల నాయకులు మాటాడుకొని తీర్చుకొనవలసినదే. పెద్దమనుష్యుల ఆటలో తీర్పరి యవసరము కలదనుటయే అవమానముగా నుండెడిది. 1863 నిబంధనలలో ఈ ఈ పనులు చేయరాదని కలదు గాని, చేసినచో శిక్ష యేమో ఒక్క మాటయు లేదు. అట్టి సమాజమునకు పరుగుపందెమే న్యాయస్థానము. తరువాతి నూటయేబది యేండ్లలో ఈ పందెము కొంచెము కొంచెముగా తొలగి, ఆ స్థానమున నష్టపరిహార సూత్రము పాదుకొనిన క్రమమే ఫుట్‌బాలు నిబంధనల చరిత్రలో ప్రధానమైన కథ యని నేను తలంతును.

ఈ మార్పునకు దారితీసినది లండను గాదు. ఉత్తరమున ఉక్కుపనికిని కత్తులకును పేరుపొందిన షెఫీల్డు నగరము. 1857లో అచ్చట వెలసిన షెఫీల్డ్ ఫుట్‌బాల్ క్లబ్బు 1858లో తన నిబంధనలను తాను వ్రాసికొనెను. లండనువారి పదుమూడు నిబంధనలు పుట్టిన తరువాతను ఆ నగరమువారు పెక్కేండ్లు తమ పద్ధతినే పాటించిరి. వారి గోలు వెడల్పు నాడు 4 గజములే. అంత ఇఱుకైన సందున బంతి దూరుట అరుదగుటచే, గోలునకు ఇరుప్రక్కల మఱి 4 గజముల దూరమున ఒక్కొక్క జెండా పాతి, స్తంభమునకును జెండాకును నడుమగా పోయిన బంతిని దాడిచేయువాడు మొదట తాకినచో, దానిని రూజ్ అను పేరుతో లెక్కించిరి. ఈటన్ పాఠశాలనుండి ఎరువు తెచ్చుకొన్న పద్ధతి యది. గోల్స్ సమానమైనచో రూజ్‌ల లెక్కచే గెలుపు తేలును. 1867లో థామస్ యూడన్ అను నాటకశాల యజమాని బహూకరించిన కప్పుకై బ్రామల్ లేన్ మైదానమున జరిగిన తుదిపోటీలో హాలమ్ క్లబ్బువారు నార్ఫోక్ క్లబ్బువారిని, గోలొక్కటియు లేకయే, రెండు రూజ్‌లతో ఓడించి కప్పు నెత్తుకొనిపోయిరి. గోలుగీత వెనుక జరిగిన పరుగుపందెమే ఆనాడు విజేతను నిర్ణయించినది. ఆ పిమ్మట ఏడాది యించుమించులో రూజ్ అంతరించెను. ఆ కాలముననే షెఫీల్డువారు కార్నర్ కిక్‌ను కనుగొనిరి. రక్షకుడు తన ప్రాణము దక్కించుకొనుటకై బంతిని తన గోలుగీత వెనుకకు తోసివేసినచో, ఎవరు దానిని ముందు తాకిరను ప్రశ్న విడిచి, ఎవరు దానిని చివర తాకి వెలికి పంపిరను ప్రశ్న వేయుట అదియే మొదలు. చూపునకు స్వల్పముగా కనిపించు ఈ భేదమునందు నేటి ఆట అంతయు నిమిడియున్నది.

లండను సంఘము 1872లో కార్నర్ కిక్‌ను స్వీకరించెను. మఱుసటి యేడు ప్రక్కగీత దాటిన బంతికిని ఆ సూత్రమే వర్తించి, వెలికి పంపినవారి ప్రత్యర్థులకు త్రో-ఇన్ లభించెను. 1877లో షెఫీల్డువారు లండనువారితో రాజీపడి తమ పుస్తకమును విడుచునప్పుడు, సమకోణపు విసురు కూడ పోయి, ఏ దిక్కునకైనను విసరవచ్చునను స్వాతంత్ర్యము వచ్చెను. స్వాతంత్ర్యము వెంటనే దుర్వినియోగము నడచుట లోకస్వభావము గదా! నాటింగ్‌హామ్‌షైరునకు చెందిన విలియమ్ గన్ అను ఆజానుబాహువు ఒంటిచేతితో బంతిని గోలు ముందఱికే విసరగలిగెడివాడట. అతడు క్రికెట్టులోను ఇంగ్లండు పక్షమున ఆడినవాడు. మన క్రికెట్టు కుఱ్ఱవాండ్రు మురిసిపోవు గన్ అండ్ మూర్ బ్యాట్లలోని గన్ అతడే. 1882 డిసెంబరులో మాంచెస్టరున నాలుగు బ్రిటిష్ సంఘములు సమావేశమై, త్రో-ఇన్‌ను రెండు చేతులతో తలమీదుగా విసరవలెనని శాసించుటకు ఆ భుజబలమే కారణమని ప్రతీతి. లోకమంతట నేడు పదేండ్ల పిల్లలు సయితము రెండు కాళ్లు నేలనానించి, బంతిని తల వెనుకకు కొనిపోయి విసరుటలో ఒక బలవంతుని భుజమునకు వేసిన సంకెల దాగియున్నది.

ఇక గోలు సంగతి. 1863 నిబంధన ప్రకారము స్తంభముల నడుమనుండియో, ఆ నడిమి యెడమునకు పైగా ఎంత ఎత్తుననైనను బంతి పోయినచో గోలే; చేతితో విసరినదియు, మోసికొనిపోయినదియు కారాదు, అంతే. ఆకాశమున ఎగురు బంతి స్తంభమునకు ఇవతలిదా, అవతలిదా యని ఎవరు చెప్పగలరు? పొలముగట్టునకు సరిహద్దురాయి లేనిచోట పుట్టు తగవులే ఇచ్చటను పుట్టినవి. 1866లో స్తంభముల నడుమ 8 అడుగుల ఎత్తున ఒక పట్టీ కట్టవలెనని నిర్ణయించిరి. నాటి 8 గజముల వెడల్పును, ఈ 8 అడుగుల ఎత్తును నేటికిని చెక్కుచెదరక నిలిచినవి; మీటర్లలో చెప్పవలెనన్న 7.32, 2.44. కాని గాలికి ఊగి, నడుమ క్రిందికి జాఱు పట్టీ యెట్టి సాక్షి? బంతి దానికి పైగా పోయెనా, క్రిందుగా పోయి దానిని ఎగురగొట్టెనా యనుట చూపరుల పక్షపాతమునుబట్టి యుండెడిది. 1875లో పట్టీకి బదులుగా కొయ్యను కూడ వాడవచ్చుననిరి. పైని చెప్పిన 1882 సమావేశమున కొయ్యయే తప్పనిసరి యయ్యెను.

గోలు పిమ్మటి మర్యాద కూడ నాడు వేఱుగా నుండెను. గోలు పడినవారు కిక్-ఆఫ్ చేయుదురు, సరియే. కాని గోలు పడిన ప్రతిసారియు ఇరుపక్షములును దిక్కులు మార్చుకొనవలెను. గాలియు, వాలును, ఎండయు ఒక్క పక్షమునకే సాయపడకుండుటకు చేసిన ఏర్పాటిది. 1872 మార్చి 16వ తేదీని కెన్నింగ్టన్ ఓవల్ మైదానమున మొట్టమొదటి ఎఫ్.ఏ. కప్పు తుదిపోటీలో, ఏ.హెచ్. చెకర్ అను మాఱుపేరుతో ఆడిన మోర్టన్ బెట్స్ వాండరర్స్ పక్షమున గోలు సాధింపగా, రాయల్ ఇంజనీర్స్ సైనికాధికారులును వారును దిక్కులు మార్చుకొని ఆట కొనసాగించిరి. ఆ ఒక్క గోలుతోనే కప్పు తేలినది. గోల్స్ ఎక్కువగుకొలది ఈ రాకపోకలు విసుగు పుట్టించుటచే కాబోలు, ఆ దశాబ్దములోనే హాఫ్‌టైమునకు మాత్రమే దిక్కులు మార్చుకొనుట ఆచారమయ్యెను.

స్తంభములు, కొయ్య అమరినను, బంతి వాని లోపలిగా పోయెనా, ప్రక్కనుండి పోయెనా యను సంశయము తీఱలేదు. 1889లో ఎవర్టన్, అక్రింగ్టన్ జట్ల నడుమ జరిగిన పోటీలో ఒక గోలును గుఱించి ఇట్టి వివాదమే చెలరేగినది. లివర్‌పూలు నగరపు ఇంజనీరు జాన్ అలెగ్జాండర్ బ్రోడీ ఆ తగవు విని ఊరకుండక, స్తంభముల వెనుక వల కట్టినచో బంతియే సాక్ష్యము చెప్పునుగదా యని తలచి, ఆ ఉపాయమునకు పేటెంటు పొందెను. 1891 జనవరిలో నాటింగ్‌హామున ఉత్తర, దక్షిణ జట్ల పోటీలో వలను పరీక్షించి చూచిరి, 1892 ఎఫ్.ఏ. కప్పు తుదిపోటీకి అది వచ్చి చేరెను. ఈ బ్రోడీ సామాన్యుడు గాడు. మెర్సీ నది క్రింది సొరంగ నిర్మాణముతో సంబంధముగలవాడు. 1912లో మన దేశపు నూతన రాజధానికి స్థలమును నిర్ణయించుటకు వచ్చిన ఢిల్లీ టౌన్ ప్లానింగ్ కమిటీలో ఎడ్విన్ లుట్యెన్స్‌తో పాటు సభ్యుడు. ఇన్ని ఘనకార్యములు చేసినవాడు తాను కనిపెట్టినవానిలో ఫుట్‌బాలు వలను జూచియే మిక్కిలి గర్వించెడివాడని చెప్పుదురు. ఆ గర్వమునకు హేతువు లేకపోలేదు. గోలు అయినదా లేదా యను వాదమును మాటలనుండి తప్పించి కంటికి అప్పగించినవాడతడే.

పరిహార సూత్రము పరాకాష్ఠ నందుకొన్నది పెనాల్టీయందు. పరిహారము నష్టమునకు సమానముగా నుండవలెను గదా. గోలు కాబోవు బంతిని రక్షకుడు చేతితో ఆపినచో, ఆ తావుననే ఒక ఫ్రీ కిక్ ఇచ్చుట పరిహారమగునా? 1891 ఫిబ్రవరి 14వ తేదీని నాట్స్ కౌంటీ, స్టోక్ జట్ల కప్పుపోటీలో ఈ ప్రశ్నకు సమాధానము అందఱి కన్నులయెదుటను దొరికెను. ఒక్క గోలు ఆధిక్యముతోనున్న నాట్స్ కౌంటీ పక్షమున జాక్ హెండ్రీ అను రక్షకుడు గోలుగీతమీద నిలిచి, లోనికి పోవు బంతిని చేతితో కొట్టివేసెను. స్టోక్‌కు ఫ్రీ కిక్ దక్కినది, గోలునకు కొన్ని అంగుళముల దూరమున; కాని గోల్‌కీపరు జార్జి టూన్ బంతికి అడ్డముగా వచ్చి నిలిచి, ఆ తన్నును అణచివేసెను. నాట్స్ కౌంటీయే గెలిచినది. నిబంధన నుల్లంఘించినవానికి లాభము, పాటించినవానికి నష్టము!

దీనికి మందు అంతకు ముందే ఒకడు చెప్పియుండెను. ఐర్లండులో ఆర్మా పట్టణమునకు సమీపమున మిల్ఫర్డ్ అను పల్లెయందు నారబట్టల మిల్లు యజమానుని కుమారుడు విలియమ్ మెక్రమ్ మిల్ఫర్డ్ ఎవర్టన్ అను జట్టునకు గోల్‌కీపరు. ఆ జట్టు 1890-91లో ఐరిష్ లీగునందు ఆడిన 14 పోటీలలో 62 గోల్స్ సమర్పించుకొని, పాయింటొక్కటియు లేక అట్టడుగున నిలిచినది. అన్ని గోల్స్ మింగిన గోల్‌కీపరే, గోలుముందర తప్పు చేసిన రక్షకునికి గోలు వంటి శిక్ష విధింపవలెనని ప్రతిపాదించుట గమనింపదగినది. ఐరిష్ సంఘ కార్యదర్శి జాక్ రీడ్ ఈ ప్రతిపాదనను 1890లో, నిబంధనలను శాసించు అంతర్జాతీయ బోర్డు ముందుంచగా, ఐరిష్‌వాని తీర్మానమని ఎగతాళి చేసి వాయిదా వేసిరి. స్టోక్ సంఘటన పిమ్మట ఎగతాళి అడగినది. 1891 జూన్ 2వ తేదీని గ్లాస్గో నగరమున బోర్డు దానిని ఆమోదించెను.

పెద్దమనుష్యుల క్లబ్బులకు ఇది తలవంపుగా తోచినది. తప్పును బుద్ధిపూర్వకముగా చేయుదురని నిబంధనల పుస్తకములో వ్రాయుట తమ శీలమును శంకించుటయే యని వారి బాధ. విఖ్యాత క్రీడాకారుడు సి.బి. ఫ్రై ఈ బాధను పైకి చెప్పినవారిలో ఒకడు. తమకు వ్యతిరేకముగా పెనాల్టీ వచ్చినప్పుడు కొరింథియన్ క్లబ్బు గోల్‌కీపరు గోలును విడిచి ప్రక్కకు తొలగి నిలిచెడివాడని ఒక కథ కలదు. కథ నిజమైనను కాకపోయినను, ఆ వాదమునందు నాకు సానుభూతి లేదు. జీతమునకాడు కార్మికులు మైదానమునకు వచ్చిన కాలమున పెద్దఱికమును నమ్ముకొని న్యాయమును నడుపుట సాధ్యము గాదు. గెలుపు కూడు పెట్టునప్పుడు నిబంధనకు పళ్లుండక తప్పదు. ఆ సంవత్సరమే రిఫరీ ప్రక్కనుండి మైదానము లోనికి వచ్చుటయు, అంపైర్లు గీతల ప్రక్కకు పోయి లైన్స్‌మన్‌లగుటయు కాకతాళీయము గావు.

తొలిరూపమున పెనాల్టీకి గుర్తుచుక్క లేదు. గోలుగీతకు 12 గజముల దూరమున మైదానమునకు అడ్డముగా గీచిన గీతపై ఎచ్చటనుండియైనను తన్నవచ్చును. గోల్‌కీపరు 6 గజములు ముందుకు వచ్చి అడ్డుకొనవచ్చును. నేడు మనమెఱిగిన పెట్టెయు చుక్కయు 1902లో వచ్చినవి. గోల్‌కీపరును గీతకు కట్టివేసినది 1905లో. అన్ని సౌకర్యములు తన్నువానికే కల్పించినను, ఆ 12 గజములు దాటుట ఎంత కష్టమో భారతీయులకు ఒకరు చెప్పనక్కఱలేదు. 1948 జూలై 31వ తేదీని, స్వతంత్ర భారతమునకు తొలి ఒలింపిక్సులో, లండను శివారు ఇల్‌ఫర్డున మన జట్టు ఫ్రాన్సుతో తలపడెను. మనవారిలో చాలమంది వట్టికాళ్లతో ఆడుచుండగా చూచి ఆంగ్ల ప్రేక్షకులు విస్తుపోయిరి. ఆనాడు మనకు రెండు పెనాల్టీలు లభించినవి. ఒకటి శైలేన్ మన్నా, మఱొకటి మహావీర్ ప్రసాద్ తన్నిరి. రెండును గోలు కాలేదు. సారంగపాణి రామన్ ఒక గోలు చేసి సరిదిద్దినను, చివరి నిమిషములలో ఫ్రాన్సు మఱియొకటి సాధించి 2-1తో గెలిచినది. నిబంధన పరిహారమును చేతికందించునేగాని నోటికందింపదు.

పెనాల్టీకి సంబంధించినదే కాలము సమస్య. 1891 చివర స్టోక్‌కు ఆస్టన్ విల్లాపై ఆట ముగియుటకు కొద్ది నిమిషముల ముందు పెనాల్టీ లభింపగా, విల్లా గోల్‌కీపరు బంతిని మైదానము దాటి దూరముగా తన్నివేసెననియు, అది దొరకులోపల కాలము ముగిసిపోయెననియు చెప్పుకొందురు. మఱల స్టోక్ క్లబ్బే! ఆ పిమ్మట పెనాల్టీ ముగియువరకు ఆటను పొడిగింపవలెనను నిబంధన ఏర్పడెను. ఇతరమైన ఏ పునరారంభమునకును ఈ వరము లేదు. 1978 జూన్ 3వ తేదీని అర్జెంటీనాలో మార్ దెల్ ప్లాతా నగరమున బ్రెజిల్, స్వీడను జట్లు చెఱియొక గోలుతో సమానముగానుండగా, చివరి క్షణమున నెలిన్యో తన్నిన కార్నర్ గాలిలోనుండగనే రిఫరీ క్లైవ్ థామస్ ఈల ఊదెను. జీకో తలతో కొట్టిన బంతి వలలో పడినను గోలు కాలేదు. బ్రెజిలువారు నేటికిని ఆయనను క్షమింపలేదు. నిబంధన మాత్రము ఆయన పక్షముననే యున్నది.

ఆగిన బంతినుండి నేరుగా గోలు చేయవచ్చునా యనునది మఱొక చిక్కు. తప్పునకు పరిహారముగా వచ్చిన ఫ్రీ కిక్‌నుండి నేరుగా గోలు చేయుట 1903లో, కార్నర్‌నుండి 1924లో అనుమతింపబడెను. ఈ రెండవ నిబంధన వచ్చిన నాలుగు నెలలలోపలనే, అక్టోబరు 2వ తేదీని బ్యూనస్ ఐరిస్‌లో సెసారియో ఒన్సారి, ఆ వేసవిలో పారిస్ ఒలింపిక్సు గెలిచి వచ్చిన ఉరుగ్వేపై, కార్నర్‌నుండి నేరుగా గోలు సాధించెను. నాటినుండి దక్షిణామెరికాలో అట్టి గోలునకు ఒలింపిక్ గోలని పేరు. ఆ నిబంధనను మార్చునప్పుడు వ్రాతలో ఒక సందు మిగిలినది: కార్నర్ తన్నినవాడే బంతిని రెండవమాఱు తాకరాదని చెప్పుట మఱచిరి. ఎవర్టన్ జట్టునకు చెందిన శామ్ చెడ్జాయ్ ఈ సందు కనిపెట్టి, కార్నర్ మూలనుండి బంతిని తానే తోసికొనుచు గోలువైపునకు పోయెను. బోర్డు వెంటనే ఆ సందు మూసివేసినది. లిఖితశాసనమునందలి లోపమును న్యాయవాదులకంటె క్రీడాకారులే ముందు పసికట్టుదురేమో!

త్రో-ఇన్‌నుండి మాత్రము నేటికిని నేరుగా గోలు లేదు. ఎదిరి గోలులో పడినచో గోల్ కిక్; తన గోలులోనే పడినచో ఎదిరికి కార్నర్. తనకు పరిహారముగా వచ్చిన బంతి తన మెడకే చుట్టుకొని గోలు కారాదనుట ఇందలి భావము. 2002 సెప్టెంబరు 16వ తేదీని బర్మింగ్‌హామ్ సిటీతో ఆడుచు ఆస్టన్ విల్లా రక్షకుడు ఓలోఫ్ మెల్బర్గ్ తన గోల్‌కీపరు పీటర్ ఎంకెల్మన్‌కు త్రో విసరెను. ఎంకెల్మన్ కాలితో ఆపబోవగా బంతి అతని కాలి క్రిందుగా జాఱి గోలులోనికి పోయెను. కాలికి తగిలెనా? తగిలినచో గోలు, తగులనిచో కార్నర్. రిఫరీ డేవిడ్ ఎల్లెరే తగిలెననెను. ఒక మేజోడు దారమంత స్పర్శపై గోలు నిలిచినది.

బంతి పూర్తిగా గీత దాటవలెనను నియమమును వల తీర్పలేదు. కొయ్యకు తగిలి క్రిందికి పడి మఱల మైదానములోనికి ఎగురు బంతికి వల సాక్షి గాజాలదు. 1966 జూలై 30వ తేదీని వెంబ్లీలో ప్రపంచ కప్పు తుదిపోటీయందు జెఫ్ హర్స్ట్ కొట్టిన బంతిని గుఱించి స్విస్ రిఫరీ డీన్స్ట్ సందేహింపగా, అజర్‌బైజాన్‌కు చెందిన లైన్స్‌మన్ తోఫిక్ బహ్రామోవ్ గోలేయని తేల్చెను; పశ్చిమ జర్మనీవారు దానిని ఒప్పుకొననేలేదు. 2010 జూన్ 27వ తేదీని బ్లూమ్‌ఫాంటీన్‌లో ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి అదే జర్మనీపై గీతను స్పష్టముగా దాటినను గోలు దక్కలేదు. అంతవఱకు యంత్రములను దరిజేరనీయని బోర్డు 2012 జూలైలో మెత్తబడెను. 2014 బ్రెజిలు ప్రపంచ కప్పున గీతను కెమెరాలు కాచినవి. మైదానముననున్న మనుష్యుని తీర్పునకు మర్యాద తగ్గెనని విచారించువారు కలరు. నేను వారిలో చేరను. దాటెనా లేదా యనునది తీర్పు గాదు, కొలత. కొలతకు పెద్దమనిషి యేల?

1863నాటి పరుగుపందెమునకు మిగిలిన చివరి ఆనవాలు డ్రాప్ బాల్. ఎవరి తప్పును లేక ఆట ఆగినప్పుడు రిఫరీ బంతిని ఇద్దఱి నడుమ నేలకు విడుచును. ముందు కాలు చాచినవానిదే బంతి. 2019లో బోర్డు ఈ పోటీని రద్దుచేసి, చివర తాకిన జట్టునకే బంతి ఇచ్చి, తక్కినవారు 4 మీటర్ల దూరమున నిలువవలెననెను. పెనాల్టీ పెట్టెలో ఆట ఆగినచో బంతి గోల్‌కీపరుదే. రిఫరీకి తగిలి గోలులోనికి పోయిన బంతి అంతవఱకు గోలే. ఆ సంవత్సరమునుండి దానికి డ్రాప్ బాల్. ఇప్పుడు ముందు పరుగెత్తి చేరినవానికి బంతి నిచ్చు నిబంధన ఆ పుస్తకములో ఒక్కటియు లేదు. విధికి విడిచిపెట్టినది నాణెము నెగురవేయుట మాత్రమే; దానిని గెలిచినవాడు గోలునైనను కిక్-ఆఫ్‌నైనను కోరుకొనవచ్చునని అదే 2019లో సవరించిరి.